కీబోర్డు విసర్జన మహోద్యమం

మా సంస్థ పేరు రాష్ట్ర అంగుళీ క్రీడాభివృద్ధి మండలి. అంగుళి అంటే వేలు. పరుగుపందేలకీ కబడ్డీకీ వేరే శాఖలున్నాయి కాబట్టి, ఒళ్లు కదలకుండా వేళ్లతో ఆడే ఆటలన్నిటినీ పోగేసి మాకు అప్పగించారు. క్యారమ్స్, గోలీలు, గవ్వలు, వాటితోబాటు ఈ మధ్య కుర్రకారు కంప్యూటర్ల మీద ఆడే కొట్లాట ఆటలు. చదరంగం కూడా మాకే ఇవ్వమని అడిగాం గానీ, అది బుర్రతో ఆడేదనీ మా మండలికి దాంతో సంబంధం లేదనీ పైవాళ్లు రాతపూర్వకంగా తేల్చేశారు. గుంటూరు బ్రాడీపేటలో ఒక అద్దె మేడలో మా ఆఫీసు. నేను అక్కడ సూపరింటెండెంటుని, పేరు విశ్వేశ్వరరావు. పై అధికారి మాట జవదాటకపోవడం నా ఉద్యోగధర్మం. మా ఆవిడ దాన్ని వేరే పేరుతో పిలుస్తుంది.

మా డైరెక్టరు పురుషోత్తమరావు గారు ఉత్సాహవంతులు. ఎక్కడైనా కొత్త సంగతి కనపడితే దాన్ని తెచ్చి మా నెత్తిన రుద్దేదాకా ఆయనకి కునుకు పట్టదు. కిందటేడు మొదట్లో ఆయన్ని విదేశాలకి అధ్యయన యాత్రకి పంపారు. అక్కడ ఒక పెద్ద హాల్లో కొట్లాట ఆటల పోటీ చూశారు. గెలిచిన కుర్రాడు ఒళ్లో ఒక పెట్టె పెట్టుకుని ఆడుతున్నాడు. పెట్టె మీద ఎడంపక్క చిన్న కడ్డీ, దాని చివర నిమ్మకాయంత గుండు, కుడిపక్క గుండ్రటి బటన్లు. దాన్ని ఆర్కేడ్ స్టిక్కు అంటారు. పూర్వం సినిమా హాళ్ల పక్కన వీడియోగేమ్ షాపుల్లో పిల్లలు వేలాడుతూ ఆడిందే ఇదీనూ. ఎడంచేత్తో కడ్డీ తిప్పితే తెర మీద మనిషి నడుస్తాడు, వంగుతాడు, ఎగురుతాడు. కుడిచేత్తో బటన్లు నొక్కితే గుద్దుతాడు, తంతాడు.

మీ విజయ రహస్యం ఏమిటని డైరెక్టరు గారు దుబాసీ ద్వారా ఆ కుర్రాణ్ణి అడిగారట. "చిన్నప్పట్నుంచీ ఇదే అలవాటు" అన్నాడట వాడు. అలవాటన్న ముక్క అక్కడే వదిలేసి, ‘ఇదే’ అన్న ముక్క పట్టుకుని మా డైరెక్టరు గారు విమానమెక్కారు.

వచ్చీరాగానే సిబ్బంది సమావేశం పెట్టారు. "మన క్రీడాకారులు కీబోర్డు మీద ఆడుతున్నారు. కీబోర్డు అనగానేమి? గుమాస్తా పరికరం! వేళ్లతో పొడిచేవాడు గుమాస్తా, మణికట్టు తిప్పేవాడు వీరుడు. మన రాష్ట్రంలో ఒక మణికట్టు సంస్కృతిని నెలకొల్పవలసిన చారిత్రక బాధ్యత మండలి మీద ఉన్నది" అన్నారు. అక్కడున్న గుమాస్తాలమందరం చప్పట్లు కొట్టాం.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ‘ఇందుమూలముగా యావన్మంది క్రీడాకారులకు తెలియజేయడమేమనగా, కీబోర్డు అను గుమాస్తా పరికరమును తక్షణము విసర్జించి, స్టిక్కు అను వీరోచిత సాధనమును స్వీకరించవలెను. మండలి ఆవరణలో కీబోర్డుతో పట్టుబడినవారు రాష్ట్రమునకు ప్రాతినిధ్యము వహించుటకు అనర్హులగుదురు.’ మా సీనియర్ టైపిస్టు రత్నమాంబ గారు దీన్ని కీబోర్డు మీదే టకటకా కొట్టి, కాఫీ చల్లారేలోపు అన్ని జిల్లాలకీ పంపేశారు. మా ఆఫీసు నుంచి అంత వేగంగా వెళ్లిన ఉత్తర్వు అదే ఆఖరు.

మర్నాడు పొద్దున్నే దాసరి సువార్త వచ్చింది. కొట్లాట ఆటల్లో రాష్ట్రం మొత్తానికీ మొదటి స్థానం ఆ పిల్లది. లాలాపేటలో పెళ్లి శుభలేఖలు అచ్చేసే షాపులో డీటీపీ చేస్తుంది. ఆటలో ఆమె పాత్ర జడలో కత్తులు కట్టుకున్న ఒక ముసలావిడ. ఆ ముసలావిడని సువార్త కీబోర్డు మీద ఆడిస్తుంటే ఎంతెంత కండల వీరులూ బొక్కబోర్లా పడేవాళ్లు. ఆ ఏడాది చివర్లో పూణెలో జాతీయ పోటీలున్నాయి. వాటిల్లో మొదటి ముగ్గురినీ జాతీయ శిక్షణ శిబిరానికి తీసుకుంటారు. ఆ శిబిరంలో చోటు సంపాదించాలని ఆ పిల్ల కాలేజీ రోజుల నుంచీ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది.

"ఏంది సార్ ఇదీ?" అని ఉత్తర్వు నా బల్ల మీద పెట్టింది. "ఇన్నేళ్ల నుంచి కీబోర్డు మీద ఆడతన్నా. చూడకుండానే నా వేళ్లు ఎక్కడికి పోవాలో అక్కడికి పోతయ్. పోటీలు ముందర పెట్టుకుని ఇప్పుడొచ్చి కడ్డీ పట్టుకోమంటే ఎట్టా?"

"ఉత్తర్వులమ్మా" అన్నాను. ఈ ఒక్క మాటతో ముప్పై ఏళ్ల సర్వీసు నెట్టుకొచ్చాను. ఆ పిల్ల దగ్గర మాత్రం అది పారలేదు. సరాసరి డైరెక్టరు గారి గదిలోకి నడిచింది, నేను వెనకాలే పరిగెత్తాను.

డైరెక్టరు గారు ఆమెని ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టారు. "అమ్మాయీ, నీవు గెలుస్తున్నావు. నేను కాదనను. కానీ ఏ విధంగా గెలుస్తున్నావు? టైపు కొట్టి గెలుస్తున్నావు. గెలుపు కేవలం ఫలితం. మండలి ఫలితాలను పరిగణించదు, పద్ధతిని పరిగణిస్తుంది."

"మరి స్టిక్కుతో ఆడి ఓడిపోతే సార్?"

"అది వీరోచితమైన ఓటమి అవుతుంది. అందుకు ప్రత్యేక ప్రశంసాపత్రం ఉంటుంది."

బయటికొచ్చాక వరండాలో నిలబడి సువార్త కళ్లు తుడుచుకుంది. "నాకు ఆ పత్రాలేం వద్దు సార్. పూణె పంపితే చాలు" అంది. నాకు నిజంగా జాలేసింది. కాని జాలి చూపించడానికి మా సర్వీసు నిబంధనల్లో వీల్లేదు, అందుకని స్టిక్కు తీసుకున్నట్టు సంతకం చేయించుకున్నాను.

కీబోర్డు నుంచి స్టిక్కుకి మారడం అంటే కుడిచేత్తో రాసేవాడు ఎడంచేతికి మారడంలాంటిదే. ఆ ముసలావిడ కత్తి విసరాలంటే కిందికి, ఏటవాలుగా, ముందుకి అని, వెంటనే గుద్దు బటను నొక్కాలి. కీబోర్డు మీదయితే సువార్త వేళ్లకి అది ఒక చిటికె. స్టిక్కు మీద కడ్డీని సున్నా చుట్టినట్టు తిప్పాలి. ఎక్కువ తిప్పితే ఎగిరిపోతుంది, తక్కువ తిప్పితే వంగిపోతుంది. మొదటి రోజు మా శిక్షణ హాల్లో ఆ ముసలావిడ ఒక్క కత్తీ విసరలేదు. అవతలివాడు తంతున్నంతసేపూ పాపం వంగుతూ లేస్తూ గుంజీలు తీసింది. ఏ ఊళ్లో చూసినా ఇదే కథ, రాష్ట్రమంతటా వీరులు గుంజీలు తీస్తున్నారు.

ఇంతలో ఒక చిక్కొచ్చిపడింది. స్టిక్కు పెట్టె మీద కూడా బటన్లున్నాయి కదా, వాటిని వేళ్లతోనే నొక్కాలి కదా, మరి అవి కీలు కావా అని ఒక తండ్రి అర్జీ పెట్టాడు. డైరెక్టరు గారు వెంటనే నిపుణుల సంఘం వేశారు. ఒక రిటైరైన క్యారమ్స్ అంపైరు, ఒక సంస్కృతం లెక్చరరు, కన్వీనరుగా నేను. మూడు సిట్టింగులు, మూడు పళ్లేల మిరపకాయ బజ్జీల తర్వాత మేం ఏకగ్రీవంగా తేల్చిందేమిటంటే, గుండ్రంగా ఉన్నవి బటన్లు, నలుచదరంగా ఉన్నవి కీలు. నివేదిక చూసి డైరెక్టరు గారి కళ్లు చెమర్చాయి.

అయితే నివేదికలు చదివే దురలవాటు మా వాచ్‌మన్‌కి ఉంది. "మన గోడ మీద ఫ్యాన్ స్విచ్చిలు గూడా నలుచదరమేగా అండీ" అన్నాడు. నియమం పెట్టాక ఒకరికొక న్యాయం, ఇంకొకరికి ఇంకో న్యాయం ఉండకూడదు. ఎలక్ట్రీషియన్ని పిలిపించి స్విచ్చిలన్నీ పీకించారు. గుండ్రటి స్విచ్చిలు విజయవాడ నుంచి రావాలి. రోహిణి కార్తెలో, గుంటూర్లో, ఫ్యాన్లు లేకుండా మేం చేసిన దేశసేవని ఎవరూ గుర్తించలేదు.

తర్వాత శిక్షకుడి నియామకం. స్టిక్కు నేర్పేవాడు రాష్ట్రంలో ఎవరూ లేరు. ఉన్న ఒకరిద్దరు కుర్రాళ్లకి అనుభవం చాలదు, ఎందుకంటే ఏ శిక్షకుడికైనా పదిహేనేళ్ల అనుభవం ఉండాలని మా నిబంధన. అందుకని ‘చేతికడ్డీ గల యంత్రముపై పదిహేను సంవత్సరముల అనుభవము’ అని ప్రకటన ఇచ్చాం. చెరకురసం మిషను ఆయన ఒకడొచ్చాడు, అది చక్రం, కడ్డీ కాదని తిప్పి పంపాం. బోరింగు పంపు ఆయనది పైకీ కిందికీ తప్ప పక్కలకి ఆడదు. అన్ని దిక్కులకీ ఆడే కడ్డీ అనుభవం ఉన్నవాడు ఒక్కడే తేలాడు. బొంతా సాంబయ్య గారు, మాచర్ల రూటులో బస్సు తోలి రిటైరైన డ్రైవరు. జీవితంలో కుక్కపిల్లని కూడా గుద్దలేదని పతకం ఉంది. గుద్దులాట నేర్పడానికి ఆయన్నే ఎంపిక చేశాం.

సాంబయ్య గారు చాలా నిష్ఠగా నేర్పారు. క్లచ్చి లేకుండా గేరు వేయడం మహాపాపం అని, ప్రతి బల్ల కిందా కాలితో తొక్కడానికి ఒక చెక్క బిగించమన్నారు. బిగించాం. ఆ చెక్క దేనికీ తగిలించి లేదు, అయినా అందరూ తొక్కాలి.

"ఏమ్మా, నూట్రల్‌కి రాకుండానే గేరేస్తావా? బాక్సు పోద్ది!" అని కేకేసేవారు సువార్త మీద.

"సాంబయ్య గారూ, ఇది బస్సు కాదండీ, ఆట."

"బస్సుని ఆటనుకుని తోలినోళ్లంతా ఇప్పుడు లోయల్లో ఉన్నారమ్మా. ముందు నూట్రల్‌కి రా. ఆఁ, ఇప్పుడు ఫస్టు. ఎందుకట్టా బిగబట్టుకుంటావ్? టీ గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకో. టీ వొలకగూడదు, చెయ్యి కాలగూడదు."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, టీ గ్లాసు మాట ఆ పిల్లకి పనికొచ్చింది. బిగుసుకుపోయిన చెయ్యి కాస్త వదులైంది, ముసలావిడ గుంజీలు తగ్గి నాలుగైదు కత్తులు విసరగలిగింది. కాని సాంబయ్య గారి దగ్గర ఒకటే ఇబ్బంది. కడ్డీని పైకి తోస్తే తెర మీద మనిషి ఎగురుతాడు. ఆయన అది ఒప్పుకోరు. "పైకి ఏ గేరూ లేదు. నా సర్వీసంతటా పైకి గేరెయ్యలా, బండి ఎగరనూ లేదు" అనేవారు. ఆ రకంగా మా రాష్ట్ర క్రీడాకారులెవరూ ఎగరకూడదని స్థిరపడింది.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఒకరోజు డైరెక్టరు గారు తనిఖీకి వస్తూ రత్నమాంబ గారి బల్ల దగ్గర ఆగిపోయారు. ఆవిడ కీబోర్డు మీద టైపు చేస్తున్నారు.

"విశ్వేశ్వరరావు గారూ, క్రీడాకారుల్ని మణికట్టు తిప్పమని, మన సిబ్బంది వేళ్లతో పొడుచుకుంటూ కూర్చుంటే, ప్రజలకు మనం ఏ సందేశం ఇస్తున్నట్లు?"

అలాంటి ప్రశ్నకి జవాబు ఉండదు. వారం తిరక్కుండా ఆఫీసులో కీబోర్డులన్నీ గోనెసంచుల్లో కట్టి, గదిలో పెట్టి సీలు వేశారు. ప్రతి బల్ల మీదా ఒక స్టిక్కు వెలిసింది. తెర మీద అక్షరాల పట్టిక వస్తుంది, కడ్డీతో ఒక్కో గడీ జరుపుకుంటూ కావలసిన అక్షరం దగ్గర ఆగి బటను నొక్కాలి. ఇంగ్లీషుకి పర్వాలేదు, ఇరవయ్యారు గడులు. తెలుగుకి అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు కలిసి పట్టిక పదహారు పేజీలొచ్చింది. ‘క’ నుంచి ‘క్ష’ దాకా పోయిరావడం సత్తెనపల్లి దాకా పోయిరావడమంత పని.

హాజరుకి ఇంకో యంత్రం తెచ్చారు. పాత వీడియోగేముల్లో ఎక్కువ మార్కులొచ్చినవాళ్లు మూడక్షరాల్లో పేరు రాసుకునేవాళ్లు, ఆ పద్ధతిదే. ఎంతటివాడికైనా మూడే అక్షరాలు. దాంతో నేను ‘విశ్వేశ్వ’ అయ్యాను. డైరెక్టరు గారు ‘పురుషో’ అయ్యారు. ఆయన దాన్ని హుందాగా స్వీకరించారు, ఆ పేరుతో పిలిచిన ప్యూను మాత్రం బదిలీ అయ్యాడు.

"నాకంటే ముందు నా వేళ్లు రిటైరయినయ్ సార్" అని రత్నమాంబ గారు బాధపడ్డారు. ఆవిడ కోడలి పురిటికి సెలవు చీటీ టైపు చేయడం మొదలుపెట్టారు. అది పూర్తయి, నా దగ్గరికొచ్చి, నేను సిఫారసు టైపు చేసి, డైరెక్టరు గారు మంజూరు టైపు చేసేసరికి మనవడికి అన్నప్రాసన అయింది. సెలవు దేనికో దానికి పనికొచ్చిందిలే అని ఆవిడే సర్దుకున్నారు.

పైకి చెప్పకూడదు గానీ లాభాలూ ఉన్నాయి. మా ఆఫీసు నుంచి ఉత్తర్వులు వెళ్లడం దాదాపు ఆగిపోయింది. మేం కదిలించడం మానేసరికి జిల్లాల్లో క్యారమ్స్ బాగా పుంజుకుందని వినికిడి.

చివరికి పూణె పోటీలకి పేర్లు పంపే ఆఖరు రోజు వచ్చింది. పేర్లు జాతీయ సమాఖ్య వెబ్‌సైటులో నింపాలి, అదీ మండలి కంప్యూటరు నుంచే నింపాలి. సాయంత్రం ఐదింటికి తలుపులు మూసేస్తారు. ఎంపిక కోసం మండలి పెట్టిన స్టిక్కు పరీక్షలో సువార్త ఎలాగో గట్టెక్కింది కాబట్టి ఆమె పేరు పంపడానికి ఆటంకమేమీ లేదు. పొద్దున ఆఫీసు తెరవగానే రత్నమాంబ గారు కడ్డీ పట్టారు. మొదటి గడిలో సంస్థ పూర్తి పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అడిగింది. మా పేరు తెలుగులోనే పొడుగు, ఇంగ్లీషులో దానికి తోక కూడా ఉంది. ఒక అక్షరం దాటిపోతే వెనక్కి రావడం, వెనక్కొస్తే ముందుది చెరిగిపోవడం. భోజనాల వేళకి ‘రాష్ట్ర’ అయింది. నాలుగు దాటాక కూడా ‘క్రీడాభివృద్ధి’ దగ్గరే ఉన్నాం. క్రీడాకారిణి పేరు, పుట్టిన తేదీ, ఆధారు, అడ్రసు అన్నీ ఇంకా కిందనే ఉన్నాయి.

సువార్త షాపు నుంచి నేరుగా వచ్చింది. తెర చూసింది, గోడ గడియారం చూసింది. ముఖం పాలిపోయింది.

"సార్, ఇట్టా అయితే నా పేరు పోదు."

"ప్రయత్నలోపం లేదమ్మా" అన్నారు డైరెక్టరు గారు. ఆయన రత్నమాంబ గారి వెనకాల నిలబడి పొద్దుట్నుంచీ మణికట్టుని ప్రోత్సహిస్తున్నారు.

"గోనెసంచి విప్పి ఒక్క కీబోర్డు తియ్యండి సార్. రెండు నిమిషాల పని."

"సీలు వేసిన గది. తెరవాలంటే ఉత్తర్వు కావాలి."

"అయితే ఉత్తర్వు ఇయ్యండి."

"టైపు చేయాలి కదా" అన్నారాయన నిజాయితీగా.

"చేత్తో రాసియ్యండి!"

"చేతిరాత ఉత్తర్వు చెల్లదు."

సువార్త భుజానికున్న సంచిలోంచి తువ్వాలు చుట్టిన వస్తువొకటి తీసింది. తువ్వాలు విప్పేసరికి గదిలో అందరం ఊపిరి బిగబట్టాం. ఆ పిల్ల సొంత కీబోర్డు. బాణం గుర్తులు అరిగిపోయి నున్నగా మెరుస్తున్నాయి.

"అమ్మాయీ!" అన్నారు డైరెక్టరు గారు. "ఆ వస్తువు ఈ ఆవరణలో కనపడితే నీవు అనర్హురాలివి అవుతావు. ఆలోచించుకో. నియమం నీ కోసం వంగితే రేపు అందరి కోసం వంగాలి."

"నియమం వంగక్కర్లేదు సార్. మీరు కాస్త పక్కకి జరగండి."

ఆయన జరిగారు. ఎందుకు జరిగారో ఆయనకే తెలియదు. రత్నమాంబ గారు కుర్చీ ఖాళీ చేశారు. ఆ పిల్ల కీబోర్డు తగిలించి టైపు చేస్తుంటే, చాలాకాలం తర్వాత మా ఆఫీసులో వానచినుకుల్లాంటి ఆ చప్పుడు విని రత్నమాంబ గారు పమిటచెంగుతో కళ్లు ఒత్తుకున్నారు. మా మండలి పేరు తోకతో సహా పూర్తయింది, ఆమె పేరు, తేదీ, అడ్రసు అన్నీ పడ్డాయి. ‘మీ ఎంట్రీ అందినది, మార్పులకు వీలు లేదు’ అని తెర మీద వచ్చాక గడియారం ఐదు కొట్టింది.

డైరెక్టరు గారి ముఖంలో ఒక్క క్షణం మెచ్చుకోలు తొంగిచూసింది. వెంటనే సర్దుకున్నారు. "విశ్వేశ్వరరావు గారూ, ఈమె అనర్హురాలని ఉత్తర్వు తయారుచేయించి నా సంతకానికి పెట్టండి. అది ఆమెకు అందిన మరుక్షణం నుంచి అమలవుతుంది."

"ఫోన్‌లో సమాఖ్యకి చెప్పేద్దామా సార్?" అన్నాడొక అత్యుత్సాహి.

"నోటిమాట ప్రభుత్వం మాట కాదయ్యా" అని మందలించారు.

వరండాలో సువార్త నన్ను ఆపింది. "అయితే నా పూణె పోయినట్టేనా సార్?"

"ఉత్తర్వు టైపు చెయ్యాలి కదమ్మా" అన్నాను.

"ఎవరు చేస్తారు?"

"నేనే."

"ఎప్పటికవుద్ది?"

"ఏం చెప్పనమ్మా, స్టిక్కు నాకింకా పట్టుబడలేదు."

ఆ పిల్ల నా ముఖం వంక తేరిపార చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూశాక ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లకి నాకు పని మీద ఉత్సాహం పుట్టింది.

మర్నాడు కూర్చుని ‘ఇందుమూలముగా’ అని మొదలుపెట్టాను. ‘ఇ’ కొట్టబోతే కడ్డీ జారి ‘ఈ’ పడింది. తప్పు దొర్లిన కాగితం బయటికి వెళ్లకూడదు, మళ్లీ మొదటికి రావాలి. ఈ నియమాన్ని ఇంతకుముందు ఎప్పుడూ పాటించలేదు, ఇప్పుడు గట్టిగా పట్టుకున్నాను. డైరెక్టరు గారు రోజూ సాయంత్రం వచ్చి నా భుజం మీంచి తొంగిచూసి, "మణికట్టులో పురోగతి కనపడుతోంది" అని వెళ్లేవారు. నేను ‘ఇందుమూ’ దగ్గరున్నప్పుడు సువార్త రైలెక్కింది. ‘తెలియజేయడమేమనగా’ దాకా వచ్చేసరికి పూణెలో పోటీలు ముగిశాయి. సువార్త దేశంలో మూడో స్థానంలో వచ్చింది.

వచ్చాక సాంబయ్య గారికీ నాకూ అంతా చెప్పింది. మొదటి ఆట సాంబయ్య గారి మీద గౌరవంతో స్టిక్కుతోనే ఆడిందట. ఒక్కసారి కూడా ఎగరలేదు. ఇది ఏదో కొత్త వ్యూహం కాబోలు, ఎప్పుడెగురుతుందో అని అవతలి కుర్రాడు ఆట పొడుగునా తల పైకెత్తి కాపలా కాసి, కింద తన్నులు తిని ఓడిపోయాడట. సాంబయ్య గారు గర్వంతో పొంగిపోయారు. మిగతా ఆటలు కీబోర్డు మీద ఆడింది.

మండలి ఘనంగా సన్మానం పెట్టింది. వేదిక వెనకాల ‘స్టిక్కు సాధించిన విజయం’ అని ఫ్లెక్సీ. అది బయట ప్రెస్సులో చేయించారు కాబట్టి వేళకి వచ్చింది. డైరెక్టరు గారు దండ వేసి, మైకు ఆమె ముందు పెట్టి, "చెప్పమ్మా, జాతీయ వేదిక మీద మన స్టిక్కును చూసి వారంతా ఏమన్నారు?" అని అడిగారు.

"ఏమీ అన్లేదండీ. ఒకాయన స్టిక్కు తెచ్చుకున్నాడు, ఒకమ్మాయి చిన్న రిమోటులాంటిది తెచ్చుకుంది, నేను కీబోర్డు తీశా. నీ చేతిలో ఏందని అక్కడ ఎవరూ అడగలేదు."

డైరెక్టరు గారు మైకు అందుకున్నారు. "విన్నారా! మన స్టిక్కు వారిలో ఎంత సహజంగా కలిసిపోయిందో! ఎవరికీ అడగవలసిన అవసరమే రాలేదు!" అన్నారు. చప్పట్లు మార్మోగాయి, నేనూ కొట్టాను.

ఎంత నిదానంగా చేసినా పని ఏదో ఒకరోజు పూర్తి కాక తప్పదు. సన్మానం అయిన మర్నాడే అనర్హత ఉత్తర్వు ఆఖరి అక్షరం పడింది. నేను దాన్ని దండల బిల్లు కింద పెట్టి సంతకానికి పంపాను. డైరెక్టరు గారు బిల్లూ చూశారు, ఉత్తర్వూ చూశారు. "సన్మానం సన్మానమే, నియమం నియమమే" అని ఆకుపచ్చ సిరాతో రెండిటి మీదా సంతకం చేశారు.

ఆ మధ్యాహ్నమే సువార్త శిబిరానికి కావలసిన కాగితాల కోసం ఆఫీసుకొచ్చింది. శిబిరం సోమవారం మొదలవుతుంది. లోపల చేరి పేరు నమోదు చేయించుకున్నాక ఇక్కడి ఉత్తర్వు ఏదీ ఆమెని కదల్చలేదు. అంతకుముందే ఇది అందిందా, అంతే సంగతులు. నా బల్ల మీద తన పేరున్న కాగితం చూసింది. చదివింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నాకిచ్చేస్తారా సార్ దీన్ని?" అని చెయ్యి చాపింది.

నేను కాగితం వెనక్కి లాక్కున్నాను. "ఎదురుగా నిలబడ్డావు కదాని చేతికిస్తే అందినట్టు కాదమ్మా. ఇలాంటివి రిజిస్టరు పోస్టులోనే పంపాలి. కవరు మీద అడ్రసు టైపు చేసి ఉండాలి" అని కడ్డీ దగ్గరికి కుర్చీ జరుపుకున్నాను. "పూర్తి అడ్రసు చెప్పు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. ఒకసారి స్టిక్కు వంక చూసింది, ఒకసారి నా వంక చూసింది. ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"రాసుకోండి సార్. దాసరి సువార్త, కేరాఫ్ దాసరి జ్ఞానప్రకాశమ్మ, క్రీస్తు రక్షణ ప్రార్థనా మందిరం పక్క సందు, స్వర్ణలక్ష్మి ప్లాస్టిక్ వస్తువుల దుకాణం ఎదురుగా..."

"పక్కనా, ఎదురుగానా అమ్మా?"

"రెండూ రాయండి సార్, పోస్టుమాన్ కొత్తోడు."

"రాస్తున్నా, రాస్తున్నా. నిదానంగా చెప్పు, తొందరేం లేదు" అన్నాను. "చుట్టుపక్కల ఇంకేమైనా గుర్తులున్నాయా?"